రాని ఊరేగింపుకి కిటికీ అద్దె

మా అమ్మాయి లా రెండో సంవత్సరం చదువుతోంది. పరీక్షల ముందు రాత్రుళ్ళు కేసులు ఒప్పజెప్పించుకోవడం నా పని. పుస్తకం నా చేతిలో ఉంటుంది. తను మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని, పేరు, సంవత్సరం, తీర్పు గడగడా చెప్పేస్తుంది. మధ్యలో ఎక్కడైనా ఆగితే నేను మొదటి అక్షరం అందిస్తాను.

ఆ రాత్రి ఆగింది నేను. "క్రెల్ వర్సెస్ హెన్రీ, 1903. పట్టాభిషేకం ఊరేగింపు చూడ్డానికి గది అద్దెకి తీసుకున్నాడు, రాజుకి జబ్బు చేసి ఊరేగింపు ఆగిపోయింది, మిగతా అద్దె కట్టక్కర్లేదన్నారు" అని తను తరవాతి కేసుకి వెళ్ళిపోయింది. నేను పేజీ తిప్పలేదు. మిగతా అద్దె కట్టక్కర్లేదు సరే, ముందు కట్టిన అడ్వాన్సు సంగతేమిటి? పుస్తకంలో ఒక్క వాక్యం ఉంది: అడ్వాన్సు తిరిగి ఇప్పించమని వేసిన దావాను హెన్రీ వదులుకున్నాడు. 25 పౌండ్లు. ఎందుకు వదులుకున్నాడు?

ఆ ప్రశ్న నన్ను పట్టుకోవడానికి కారణం మా తమ్ముడి కూతురి పెళ్ళి. అది 2020 ఏప్రిల్‌లో జరగాలి. ఆ సంగతి తరవాత చెబుతాను. ముందు 1902 జూన్ సంగతి చెప్పాలి. ఈ నెల రోజులుగా నేను చదువుతున్నది అదే.

ఆ మంగళవారం

లండన్ జనంలో చాలామంది అప్పటికి ఒక్క పట్టాభిషేకం కూడా చూసి ఎరగరు. విక్టోరియా రాణికి కిరీటం పెట్టింది 1838లో. అరవై నాలుగేళ్ళ తరవాత, ఆమె కొడుకు ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకంతో, మళ్ళీ ఆ పండగ వచ్చింది. పైగా మే 31న దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం ముగిసింది. బ్రిటిష్ వైపు దాదాపు 22 వేలమంది సైనికులు చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది తుపాకీ గుండుకి కాదు, జ్వరాలకి. అవతల బ్రిటిష్‌వాళ్ళు పెట్టిన శిబిరాల్లో 26 వేలకు పైగా బోయర్ ఆడవాళ్ళూ పిల్లలూ పోయారు. నల్లజాతి వాళ్ళకి వేరే శిబిరాలు పెట్టారు, అక్కడా వేలల్లోనే. ఇంత జరిగాక ఊరు ఊరంతా ఒక వేడుక కోసం మొహం వాచి ఉందంటే అర్థం చేసుకోగలను.

జూన్ 26న పట్టాభిషేకం, 27న లండన్ వీధుల్లో ఇంకో ఊరేగింపు, 28న స్పిట్‌హెడ్ దగ్గర సముద్రంలో నౌకాదళ ప్రదర్శన. ఇలా వరసగా పెట్టుకున్నారు. ఊరేగింపు దారి పొడుగునా చెక్కలతో మెట్ల మెట్లుగా గ్యాలరీలు కట్టారు. జైపూర్ మహారాజు మాధోసింగ్ ఓడ మాట్లాడుకుని, మనిషంత ఎత్తు వెండి బిందెల్లో గంగాజలం పట్టుకుని వెళ్ళింది ఈ వేడుకకే. కొల్హాపూర్ సాహూ మహారాజు కూడా వెళ్ళాడు. ఆయన ఇంగ్లండులో ఉన్న రోజుల్లోనే, జులై 26న, వెనకబడిన కులాలకు తన సంస్థానం కొలువుల్లో సగం కేటాయిస్తూ ఉత్తర్వు వెలువడింది. నన్నడిగితే ఆ ఏడాది ఆ ప్రయాణాలన్నిటిలో మనకి మిగిలిన మంచి అదే.

ఎడ్వర్డ్ రాజుకి అరవై ఏళ్ళు. జూన్ మధ్యలో కడుపునొప్పి మొదలైంది. అపెండిక్స్ దగ్గర చీముగడ్డ. ఆపరేషన్ వాయిదా వెయ్యాలని రాజు, వెయ్యకూడదని డాక్టర్లు. కత్తి పట్టినవాడు ఫ్రెడరిక్ ట్రీవ్స్. ఆయనకి ఈ జబ్బు పుస్తకాల్లోంచి మాత్రమే తెలిసింది కాదు. రెండేళ్ళ కిందట, 1900లో, ఆయన చిన్నకూతురు హెట్టీ అపెండిక్స్ పగిలే చనిపోయింది. జూన్ 24, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండున్నరకి బకింగ్‌హామ్ ప్యాలెస్‌లోనే ఒక గదిలో ఆపరేషన్ చేశారు. చీము తీసేశారు, రాజు బతికాడు. ఆ పొద్దునే పట్టాభిషేకం వాయిదా అని ప్రకటన వచ్చింది. పట్టాభిషేకం జరగాల్సిన వెస్ట్‌మినిస్టర్ అబ్బే చర్చిలో పాటగాళ్ళు రిహార్సల్ చేస్తున్నారు. కబురు అందాక రిహార్సల్ ఆపి ప్రార్థన చేశారు.

చరిత్ర పుస్తకాలు ఇక్కణ్ణించి ఆగస్టు 9కి దూకేస్తాయి. ఆ రోజు పట్టాభిషేకం జరిగింది. కిరీటం పెట్టిన ఆర్చిబిషప్ టెంపుల్‌కి ఎనభై ఏళ్ళు, చూపు సరిగ్గా ఆనక, కిరీటం వెనకది ముందుకి పట్టుకున్నాడు. ఇవన్నీ అందరూ రాశారు. నేను మాత్రం జూన్ 24 మధ్యాహ్నం దగ్గరే ఆగిపోయాను. ఆ మధ్యాహ్నం లండన్‌లో ఎంతమంది చేతుల్లో రసీదులు ఉన్నాయి! ఆ రసీదులు ఏమయ్యాయి?

పాల్ మాల్‌లో మూడో అంతస్తు

క్రెల్ అనే ఆయనకి పాల్ మాల్ వీధిలో 56ఏ నంబరు ఇంట్లో గదులున్నాయి. మార్చిలో దేశం విడిచి వెళ్తూ, గదులు అద్దెకివ్వమని తన లాయరుకి అప్పగించాడు. జూన్ 17న హెన్రీ ఆ వీధిన పోతూ, పట్టాభిషేకం ఊరేగింపు చూడ్డానికి కిటికీలు అద్దెకివ్వబడును అని అక్కడ అంటించిన కాగితం చూశాడు. లోపలికెళ్ళి ఇల్లు చూసుకునే ఆవిడతో మాట్లాడాడు. రెండు రోజులకి, పగళ్ళు మాత్రమే, 75 పౌండ్లు. 20వ తేదీన 25 పౌండ్ల చెక్కు పంపాడు. మిగతా 50 ఇరవై నాలుగో తేదీ మంగళవారం ఇస్తానన్నాడు. ఏ మంగళవారమో చూశారుగా.

75 పౌండ్లంటే ఎంత? అప్పటి మారకంలో పౌండుకి 15 రూపాయలు, అంటే 1,125 రూపాయలు. ఈ లెక్క కన్నా ఇంకోటి నాకు బాగా అర్థమైంది. ఆ రోజుల్లోనే రౌన్‌ట్రీ అనే ఆయన యార్క్ పట్టణంలో ఇల్లిల్లూ తిరిగి లెక్క కట్టించాడు. భార్యాభర్తలూ ముగ్గురు పిల్లలూ ఒంట్లో శక్తి నిలుపుకుని బతకడానికి వారానికి కనీసం 21 షిల్లింగుల 8 పెన్నీలు కావాలన్నాడు. ఆ లెక్కన ఆ రెండు పగళ్ళ కిటికీ అద్దె ఒక కుటుంబానికి అరవై తొమ్మిది వారాల బతుకు.

ఈ కేసులో విచిత్రమేమిటంటే, వాళ్ళిద్దరూ రాసుకున్న ఉత్తరాల్లో పట్టాభిషేకం అనే మాటే లేదు. ఊరేగింపు అనీ లేదు. మూడో అంతస్తు గదులు, ఫలానా రెండు తేదీలు, ఇంత డబ్బు. అంతే. మిగతా 50 పౌండ్లకి క్రెల్ దావా వేశాడు. గదులు ఉన్నాయి, తాళాలు ఉన్నాయి, ఎవరూ రావద్దనలేదు, వచ్చి కూర్చోవచ్చు కదా అని వాదన. కాగితం మాత్రమే చూస్తే ఆయన మాట కరెక్టే.

కోర్టు కాగితం వెనక్కి చూసింది. కింది కోర్టులో హెన్రీ గెలిచాడు. అప్పీలులో వాన్ విలియమ్స్ అనే జడ్జి అన్నదాని సారాంశం ఇది: రాతలో లేకపోయినా ఇద్దరి మనసులోనూ ఉన్నది ఊరేగింపే, ఆ ఒప్పందానికి పునాది అదే, పునాది పోయింది కాబట్టి ఒప్పందం పోయింది. రాయని మాటని కూడా కోర్టు విన్నందుకు నాకు చాలా సంతోషం వేసింది.

కానీ ఆ 25 పౌండ్లు క్రెల్ దగ్గరే ఉండిపోయాయి.

ఒక గంట తేడా

ఇదొక్కటే అయితే నేను ఇంత దూరం వచ్చేదాన్ని కాదు. అదే ఊరేగింపు మీద ఇంకా కేసులున్నాయి. అవి చదువుతుంటే మనసు స్థిమితంగా ఉండలేదు.

చాండ్లర్ అనే ఆయన కూడా పాల్ మాల్‌లోనే గది తీసుకున్నాడు. 141 పౌండ్ల 15 షిల్లింగులు. 100 పౌండ్లు ముందే కట్టాడు. మిగతాది కూడా వాయిదా ప్రకటనకి ముందే కట్టాల్సి ఉంది, కట్టలేదు. 1904లో కోర్టు ఏమన్నదంటే, ప్రకటన వచ్చే క్షణానికి ఎవరు ఎంత ఇచ్చారో, ఎంత ఇవ్వాల్సి ఉందో అదంతా ఖాయం. ఆ తరవాతవే రద్దు. అంటే చాండ్లర్ ఇచ్చిన 100 రాకపోగా, మిగతా 41 పౌండ్ల 15 షిల్లింగులు కూడా కట్టాలి. హెన్రీ తన బాకీ 24న ఇస్తానన్నాడు కాబట్టి బతికిపోయాడు. చాండ్లర్ అంతకుముందే ఇస్తానన్నాడు కాబట్టి మునిగాడు. ఇద్దరూ చూడలేకపోయింది ఒకే ఊరేగింపు.

గ్రిఫిత్ సంగతి ఇంకా ఆశ్చర్యం. ఆయన సెయింట్ జేమ్స్ స్ట్రీట్‌లో గదికి బేరం కుదుర్చుకున్నది 24వ తేదీ పొద్దున పదకొండు గంటలకి. 100 పౌండ్లు ఇచ్చేశాడు. అయితే ఆపరేషన్ చేయాలని డాక్టర్లు నిశ్చయించుకున్నది పది గంటలకి. ఇద్దరికీ ఆ సంగతి తెలియదు. కోర్టు అన్నది: మీరు ఒప్పందం చేసుకునేటప్పటికే ఊరేగింపు లేదు, ఇద్దరూ పొరపాటు పడ్డారు, కాబట్టి అసలు ఒప్పందమే లేదు. వంద పౌండ్లూ వెనక్కి వచ్చాయి.

అంటే తొందరపడి ముందే డబ్బు కట్టినవాడు అంతా పోగొట్టుకున్నాడు. ఆఖరి గంటలో కట్టినవాడు అంతా తెచ్చుకున్నాడు. న్యాయశాస్త్రం ప్రకారం ఈ రెండూ వేరు వేరు సూత్రాలని మా అమ్మాయి నాకు ఓపిగ్గా చెప్పింది. తను చెప్పింది నాకు అర్థమైంది. అయినా నేను ఒప్పుకోలేకపోయాను. ఇద్దరిలో ఎవరి తప్పూ లేనప్పుడు నష్టం ఎవరి మీద పడితే వాళ్ళ మీదే ఉండనీ అన్నది ఆ తీర్పుల సారం. దాన్ని న్యాయం అనడానికి నాకు మనసు రాదు. వాన వచ్చినప్పుడు గొడుగు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే అన్నట్టుంది.

సింథియా అనే పడవ

నా వాదానికి అడ్డొచ్చే కేసు కూడా చెప్పాలి. హట్టన్ అనే ఆయన సింథియా అనే స్టీమరు 250 పౌండ్లకి మాట్లాడుకున్నాడు, 50 ఇచ్చాడు. జూన్ 28న రాజు నౌకాదళాన్ని పరిశీలిస్తుంటే జనాన్ని ఎక్కించుకెళ్ళి చూపించాలి, 29న నౌకల చుట్టూ తిప్పి తీసుకురావాలి. టిక్కెట్లమ్ముకునే వ్యాపారం. రాజు రాలేదు. కానీ యుద్ధనౌకలు అక్కడే లంగరు వేసి ఉన్నాయి. అదే జడ్జీలు, అదే నెలలో, ఇక్కడ పడవవాళ్ళకే బాకీ ఇప్పించారు. నౌకల చుట్టూ తిరగడం అప్పటికీ కుదిరేది, లాభం వస్తుందా రాదా అన్నది హట్టన్ సొంత గొడవ అన్నారు. ఆ రెండు రోజుల్లో పడవని మామూలుగా తిప్పుకుని సంపాదించింది మాత్రం బాకీలో తగ్గించారు.

దీన్ని నేను తోసిపుచ్చలేను. ప్రతి నిరాశకీ డబ్బు వాపసు ఇవ్వాలంటే వ్యాపారం నడవదు. సినిమాకి వెళ్ళిన రోజు హీరో సీన్లు తక్కువగా ఉన్నాయని టిక్కెట్టు డబ్బులు అడగం. వాన్ విలియమ్స్ ఇంకో ఉదాహరణ ఇచ్చాడు. డెర్బీ గుర్రప్పందాల రోజు ఎప్సమ్ వెళ్ళడానికి ఎక్కువ కిరాయికి, 10 పౌండ్లు అనుకుందాం, బండి మాట్లాడుకున్నావు, పందెం ఆగిపోయింది. అయినా బండివాడికి డబ్బివ్వాలి అన్నాడు. ఎందుకంటే ఆ బండిలో ప్రత్యేకత ఏమీ లేదు, ఏ బండైనా ఎప్సమ్ వెళ్తుంది. గది అలా కాదు, దాని కిటికీ ఊరేగింపు దారిలో ఉంది.

ఇక్కడ మాత్రం నేను ఆ జడ్జితో విభేదిస్తాను. చాలా రోజులు ఆలోచించే అంటున్నాను. బండి మామూలుదే. కిరాయి మామూలుది కాదు. పందెం లేని రోజు ఆ దూరానికి ఎవరూ 10 పౌండ్లు ఇవ్వరు. పందెం పేరు చెప్పి కిరాయి పెంచినవాడు, పందెం ఆగిపోతే ఆ పెంచిన భాగమైనా వదులుకోవాలి. దూరానికి తగ్గ మామూలు కిరాయి తీసుకోనీ, అది అతని కష్టం. మిగతాది పందెం వల్ల వచ్చింది, పందెంతోనే పోవాలి.

మనకి ఇది అర్థం కావడానికి ఎప్సమ్ దాకా వెళ్ళక్కర్లేదు. ముహూర్తాలున్న మాఘమాసంలో కల్యాణమండపం అద్దె ఎంతో, మూఢంలో అదే మండపం అద్దె ఎంతో అడిగి చూడండి. గోడలు అవే, ఫ్యాన్లు అవే, కుర్చీలు అవే. రేటు పెరిగింది ముహూర్తానికి. అంటే మండపం ఆయన అమ్ముతున్నది హాలు ఒక్కటే కాదు, ముహూర్తాన్ని కూడా అమ్ముతున్నాడు. అమ్మిన సరుకు అందనప్పుడు, తప్పు ఆయనది కాకపోయినా, దాని డబ్బు మొత్తం ఆయన దగ్గర ఎలా ఉంటుంది?

మా మండపం

మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటన వచ్చేటప్పటికి మా తమ్ముడు శుభలేఖలు సగం పంచేశాడు. హాలుకి మూడున్నర లక్షల అద్దెలో 2 లక్షలు జనవరిలోనే కట్టాడు. పెళ్ళి ఆగలేదు. అదే ముహూర్తానికి ఇంట్లో, హాల్లో సోఫాలు బయటకి జరిపి, పందొమ్మిది మందిమి మాస్కులు పెట్టుకుని చేశాం. కన్యాదానం చేసేటప్పుడు మా తమ్ముడి మొహం సగమే కనపడింది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ.

మేలో అడ్వాన్సు అడగడానికి వెళ్ళాడు. రసీదు అడుగున "అడ్వాన్సు వాపసు ఇవ్వబడదు" అని అచ్చువేసి ఉంది. హాలాయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి తన లెక్క చెప్పాడట. మీ తేదీకి ఇంకో పార్టీ వచ్చినా కాదన్నాను, కరెంటు మినిమమ్ కట్టాలి, వాచ్‌మన్‌కి జీతమివ్వాలి, బ్యాంకు వాయిదా ఆగలేదు, నాకెవరు ఇస్తారు? ఏడాదిలోపు ఇంకేదైనా ఫంక్షన్ చేసుకోండి, సర్దుతాను అన్నాడు. ఆ ఏడాది ఎవరు ఫంక్షన్ చేసుకున్నారు! గడువు దాటింది. ఇంకో ఆర్నెల్లు పొడిగించమంటే కుదరదన్నాడు. డబ్బు పోయింది.

అప్పట్లో మా ఇంట్లో అందరూ ఆయన్ని తిట్టారు, నేను కూడా. ఇప్పుడు అంత తేలిగ్గా తిట్టలేను. బ్యాంకు వాయిదా అబద్ధం కాదు. ఇంకో పార్టీని కాదన్నాడనుకుందాం, ఆ పార్టీ పెళ్ళి మాత్రం ఆ తేదీకి జరిగేదా? జరిగేది కాదు. కాబట్టి ఆ నష్టం మా వల్ల వచ్చింది కాదు. కానీ ఆయనకి ఖర్చులున్న మాట నిజం. ఆ ఖర్చుల్లో మా పెళ్ళి కోసం పెట్టింది ఎంత? అది ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. రసీదు చెప్పింది చాలనుకున్నాం.

వంట మేస్త్రి సంగతి వేరు. ఆయనకి 20 వేలు అడ్వాన్సు ఇచ్చాం. రసీదు లేదు, ఫోన్లో మాట. మేము అడగలేదు కూడా. ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున, కూరగాయలకని సడలింపు ఇచ్చే టైములో, బండి మీద మా తమ్ముడింటికి వచ్చాడు. గేటు బయటే నిలబడి ఒక కవరు గోడ మీద పెట్టాడు. అందులో 17 వేలు, ఒక చీటీ. "పనోళ్ళకి ముందుగా ఇచ్చింది 3,000" అని పెన్సిల్‌తో రాసి ఉంది. వాళ్ళని తిరిగి ఇమ్మని అడగలేను సార్, వాళ్ళూ పస్తులే అన్నాడట.

ఆ చీటీ గురించి నాకు మళ్ళీ గుర్తొచ్చింది ఇప్పుడు, 1943 ఇంగ్లండు చట్టం చదువుతుంటే. చాండ్లర్ తీర్పు ముప్పై ఎనిమిదేళ్ళు నిలిచింది. తరవాత ఫైబ్రోసా అనే పోలిష్ కంపెనీ కేసు వచ్చింది. 1939లో ఆ కంపెనీకి ఇంగ్లండులోని లీడ్స్ నించి పోలండులోని గ్దీనియాకి యంత్రాలు పంపాలి. యుద్ధం వచ్చి ఆ ఊరు జర్మన్ల చేతికి పోయింది. పోలిష్ కంపెనీ అడ్వాన్సు కట్టిన 1,000 పౌండ్లు అడిగితే, 1942లో పెద్ద కోర్టు చాండ్లర్ తీర్పు తప్పని కొట్టేసి డబ్బు వాపసు ఇప్పించింది. మరి యంత్రాలు తయారుచేయడానికి అప్పటికే ఖర్చుపెట్టినవాడి గతేమిటి అన్న ప్రశ్న మిగిలింది. దానికోసం మరుసటి సంవత్సరం చట్టం చేశారు: తీసుకున్నది తిరిగి ఇవ్వాలి, కానీ నిజంగా ఆ పని కోసం పెట్టిన ఖర్చు మేరకు ఉంచుకోవడానికి కోర్టు ఒప్పుకోవచ్చు. ఏ లాయరునీ అడక్కుండా మా వంట మేస్త్రి చేసింది అదే.

ఇంకో సంగతి మా అమ్మాయి చూపించింది. మన దేశంలో 1872 కాంట్రాక్టు చట్టం ఉంది కదా, అది చేసింది కూడా ఆ ఇంగ్లీషువాళ్ళే, ఆ పట్టాభిషేకానికి ముప్పై ఏళ్ళ ముందు. అందులో 65వ సెక్షన్: ఒప్పందం చెల్లకుండా పోతే, దాని కింద లాభం పొందినవాడు తిరిగి ఇవ్వాలి. ఉదాహరణ కూడా ఇచ్చారు. కచేరీలో పాడతానని వెయ్యి రూపాయలు ముందే తీసుకున్నవాడు జబ్బుపడి పాడలేకపోయాడు. కచేరీ జరిగితే వచ్చే లాభానికి అతను పరిహారం ఇవ్వక్కర్లేదు, తీసుకున్న వెయ్యి మాత్రం తిరిగి ఇవ్వాలి. "చూడమ్మా, మావయ్య ఈ ఒక్క పేజీ తీసుకెళ్ళి ఉంటే!" అంది. తీసుకెళ్ళినా ఏమయ్యేదో నాకు తెలియదు, నేను లాయర్ని కాదు. రసీదు మీద అచ్చు చూసి కోర్టుకి వెళ్ళే ఆలోచనే మానేసినవాళ్ళం మేము. కానీ ఒకటి అనగలను. రసీదు అడుగున అచ్చువేసిన ఆ మాట దేవుడి వాక్కు కాదు. దానికన్నా పాత మాట, మంచి మాట, చట్టంలో నూట యాభై ఏళ్ళుగా ఉంది.

రసీదులు లేనివాళ్ళు

ఇంతవరకు చెప్పినవాళ్ళందరూ కోర్టుకి వెళ్ళగలిగిన వాళ్ళు. 141 పౌండ్లు పోయినా చాండ్లర్ పిల్లలు పస్తులుండి ఉండరు. చదివేకొద్దీ నాకు వేరేవాళ్ళు కనపడుతూ వచ్చారు.

వాయిదా ప్రకటనలోనే, లండన్ బయట ఊళ్ళలో వేడుకలు అనుకున్నట్టే జరగాలని రాజు కోరిక అని చెప్పారు. లండన్ పేదలకి రాజు 30 వేల పౌండ్లిచ్చి పెట్టిస్తానన్న భోజనం కూడా ఆగలేదు. జులై 5న, వందల చోట్ల, సుమారు 5 లక్షలమందికి పెట్టారు. రాజు మంచంలో ఉన్నాడు, మాట నిలబడింది. ఎడ్వర్డ్ మీద నాకు పెద్ద అభిమానమేమీ లేదు గానీ, ఇది మెచ్చుకోవాలి.

లండన్‌కి ఉత్తరాన వాట్‌ఫర్డ్ అనే ఊళ్ళో మాత్రం వేడుకలు వాయిదా వేసేశారు. జూన్ 26 సాయంత్రం జనం రోడ్డెక్కారు. రాళ్ళు రువ్వారు, అద్దాలు పగిలాయి, దుకాణాలు లూటీ అయ్యాయి, నిప్పు పెట్టారు. అల్లరిమూక అని రాశారు వాళ్ళ గురించి. దోపిడీని నేను సమర్థించను. కానీ ఆలోచించండి: ఒక పూట సంబరం చేస్తామని ఆశపెట్టి, ఆఖర్న లేదంటే, వాళ్ళు ఏ కోర్టుకి వెళ్ళాలి? వాళ్ళు అడ్వాన్సు కట్టలేదు. ఒప్పందం రాసుకోలేదు. క్రెల్ ఉత్తరంలో రాయని మాటని వినిపించుకున్న కోర్టు, అసలు ఉత్తరమే లేనివాళ్ళని వినదు.

ఎవరికోసం ఆగుతాం, ఎవరికోసం ఆగం అన్నదీ ఆ ఏడాదిలోనే ఉంది. ఏప్రిల్ 5న గ్లాస్గోలో ఐబ్రాక్స్ మైదానంలో ఇంగ్లండు, స్కాట్లండు ఫుట్‌బాల్ మ్యాచ్. జనం నిలబడిన చెక్క గ్యాలరీ కూలి మొత్తం 25 మంది చనిపోయారు, వందల మందికి దెబ్బలు తగిలాయి. ఆట కాసేపు ఆపి, మళ్ళీ మొదలుపెట్టి పూర్తిచేశారు. తరవాత ఆ మ్యాచ్‌ని లెక్కలోంచి తీసేసి, మేలో బర్మింగ్‌హామ్‌లో మళ్ళీ ఆడించి, వచ్చిన డబ్బు బాధితుల నిధికి ఇచ్చారు. ఆ చివరి పని నాకు నచ్చింది. కానీ ఆ మధ్యాహ్నం ఆట ఆగి ఉండాల్సింది.

వాట్‌ఫర్డ్ గురించి చదివిన రాత్రి నాకు మా పెళ్ళికి మాట్లాడిన సన్నాయి మేళంవాళ్ళు గుర్తొచ్చారు. నలుగురు మనుషులు. వాళ్ళకి అడ్వాన్సు ఇవ్వలేదు, నోటిమాటే. "వద్దులే, రాకండి" అని మా తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు, వాళ్ళు సరేనన్నారు. ఆ ఏడాది ముహూర్తాలన్నీ వాళ్ళకి అలాంటి ఫోన్లే వచ్చి ఉంటాయి. మా 2 లక్షల గురించి నాలుగేళ్ళు మాట్లాడుకున్నాం. వాళ్ళ గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. చట్టం ప్రకారం మేము వాళ్ళకి ఒక్క రూపాయి బాకీ లేం. ఆ మాట నాకు నిద్రపట్టనివ్వలేదు. పొద్దున తమ్ముడికి ఫోన్ చేసి ఆ డోలు ఆయన నంబరు ఉందా అని అడిగాను. వెతుకుతానన్నాడు.

పోయిన ఆదివారం

మా పెద్దబ్బాయి పెళ్ళికి హాలు చూడ్డానికి వెళ్ళాం. మాఘంలో ముహూర్తం. మేనేజరు కుర్రాడు, మర్యాదగా ఉన్నాడు. రసీదు పుస్తకం తీసి తేదీ, అద్దె, అడ్వాన్సు రాశాడు. అడుగున అదే అచ్చు.

"ఏ ఫంక్షనో రాయలేదు బాబూ" అన్నాను.

"రాయం మేడమ్. హాలు అద్దె అని రాస్తే చాలు."

పెళ్ళి అని రాయమన్నాను. అబ్బాయి పేరు, అమ్మాయి పేరు కూడా రాయమన్నాను. రాశాడు. తరవాత రసీదు వెనకవైపు తిప్పి నా పెన్ను ఇచ్చాను. ప్రభుత్వ ఉత్తర్వు వల్ల గానీ, ఎవరి చేతిలోనూ లేని కారణం వల్ల గానీ ఆ రోజు పెళ్ళి జరక్కపోతే, మా కోసం పెట్టిన ఖర్చు చూపించి, అది పట్టుకుని మిగతాది ఇస్తామని రాయమన్నాను. కుర్రాడు ఓనరుకి ఫోన్ చేశాడు. లోపలికెళ్ళి చాలాసేపు మాట్లాడాడు. మావారు నా వైపు చూశారు, ఇంకో హాలు చూసుకుందామా అన్నట్టు.

తిరిగొచ్చి, "ఖర్చుకి లెక్క చూపించాలని రాయమంటారా, ఊరికే ఖర్చులు పోను అని రాయమంటారా?" అని అడిగాడు.

లెక్క చూపించి అని రాయమన్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని, నెమ్మదిగా, గుండ్రటి అక్షరాలతో రాయడం మొదలుపెట్టాడు.